ఫలేసి కట్టిన బాలింత వేషం

షిరే నది దిగువన చిసొంబె అనే ఊళ్ళో, ఆసుపత్రి గేటుకు ఎదురుగా, రేకుల పంచలో కూర్చుని ఫలేసి మందాసి వేయించి అమ్మేది. గోధుమపిండి ముద్దలు నూనెలో బుడగలు పోసుకుంటూ ఎర్రబడుతుంటే, ఆమె నోరు కూడా అంతే జోరుగా ఆడుతూ ఉండేది. కొనడానికి వచ్చినవాళ్ళు కొనేశాక కూడా కదిలేవారు కాదు, ఆమె ఇవాళ ఎవరిని అచ్చంగా దించుతుందోనని.

మనుషుల్ని దించడంలో ఆమెది గొప్ప చెయ్యి. పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే, వెనకింట్లో కోడి ఉడికిందా లేదా అని ముక్కుతో వాసన పట్టడం ఆమె చేసి చూపిస్తే, పాస్టరు భార్యే కడుపు పట్టుకుని నవ్వింది. మొగుడు చెరకు తోటల్లో పనికని పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఆ పెద్దమనిషి వెళ్ళిపోతూ "వచ్చే నెలలో వస్తానే" అన్న తీరు కూడా ఆమె వేసి చూపించేది. ఊరంతా నవ్వేది. తమందాని మాత్రం నవ్వేది కాదు. తమందాని ఆమె ఒక్కగానొక్క కూతురు.

ఆసుపత్రిలో కాన్పుల వార్డును ఎక్కడో చలిదేశపు ప్రభుత్వం కట్టించింది. తమ ప్రజలు ఇచ్చిన కానుక అని గోడ మీద రాయి చెక్కించి పెట్టింది. మందులూ, దోమతెరలూ, అంబులెన్సు బండీ కూడా ఆ దేశం సొమ్మే. వాటన్నిటికీ పెద్ద మగొంబో. చదివింది వైద్య సహాయకుడి చదువే గాని ఊళ్ళో అందరూ డాక్టర్ అనే పిలిచేవారు. చేతివాసి ఉన్నవాడు, అది కాదనలేం. కాని మందుల పెట్టెలు ఆసుపత్రికి వచ్చినంత వేగంగానే పట్నం బజారుకు వెళ్ళిపోయేవి. అంబులెన్సులో రోగులకన్నా అతని బావమరిది బొగ్గు బస్తాలే ఎక్కువగా ప్రయాణం చేసేవి. ఇది ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఊరిపెద్దకు ఒక వాటా అందుతుందని కూడా తెలుసు. ఆ వంశంలో పెద్దరికానికి వచ్చినవాడు ఎవరైనా ఊరి పేరే పెట్టుకుంటాడు కాబట్టి ఆయన్ని కూడా చిసొంబె అనే అనేవారు.

ఆ చలిదేశపు ప్రభుత్వం తన సొమ్ము ఏమైందో చూసుకోవడానికి ఏటా ఎవరినో ఒకరిని పంపేది. పంపే ముందు ఫలానా రోజు వస్తున్నామని కబురు కూడా పెట్టేది. అంత మర్యాద గలది.

కబురు అందగానే ఆసుపత్రికి పెళ్ళికళ వచ్చేది. బోర్డింగు స్కూలు నుంచి మంచాలు దిగేవి. పక్క ఆసుపత్రి నుంచి మందు సీసాలు అరువుకు వచ్చి అల్మారాల్లో బారులు తీరేవి. పాస్టరు గారింటి దుప్పట్లు పరుపుల మీదకు ఎక్కేవి. ఇక మిగిలింది రోగులు.

"నిజం రోగులున్నారుగా డాక్టర్ గారూ," అంది నర్సు ఎస్తేలి మొదటి ఏడాది.

"వాళ్ళు చూడ్డానికి బాగుండరు," అన్నాడు మగొంబో. గేటు దాటి వచ్చి ఫలేసి నూనె మూకుడు ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఫలేసక్కా, నువ్వు బాలింతవి కావాలి."

"ఎవరివల్ల బాబూ?" అంది ఫలేసి. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు.

"వేళాకోళం కాదు. ఒక్కపూట మంచం మీద పడుకుని బిడ్డను పక్కన పెట్టుకోవాలి. అడిగితే బాగుంది, బాగుంది అనాలి."

"నా ముఖం చూశావా? నలభై దాటి ఎన్నాళ్ళయిందో."

"తెల్లవాళ్ళకు మన వయసులేం తెలుస్తాయి? నీకు సబ్బు, చక్కెర ఇప్పిస్తాను."

బిడ్డను పొరుగింటి ఫైనెసి అరువిచ్చింది. ఫలేసి తలకు గుడ్డ కట్టుకుని, గొంతు పీలగా చేసుకుని, అప్పుడే కన్నదానిలా పక్కకు ఒత్తిగిలి, ఆ వచ్చిన పెద్దాయన చెయ్యి పట్టుకుని కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంది. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రం మంచాలు స్కూలుకు వెళ్ళిపోయాక, ఆయన కళ్ళు తుడుచుకున్న తీరు ఫలేసి ఊరికి చేసి చూపించింది. అది మొదలు ఏటేటా ఆ వేషం ఆమెదే అయింది. ఒక ఏడాది కవలల్ని కూడా కన్నది.

"అమ్మా, ఆ మంచాలు రేపు ఉండవు కదా," అంది తమందాని ఒకసారి, సబ్బు విప్పుతూ.

"ఉండకపోతే నీకేమే? సబ్బు మంచి వాసనొస్తోందా లేదా?"

తరవాతి కాలంలో ఫలేసికి నిద్రపట్టనప్పుడల్లా తను అన్న ఈ మాటే గుర్తొచ్చేది.

తమందానికి పెళ్ళయింది. కడుపు పండింది. పత్తి తీసే రోజుల్లో, మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చి అదే వార్డులోకి నడిచి వచ్చింది. నేల మీద చాప వేసి ఎస్తేలి కాన్పు చేసింది. ఆడపిల్ల. ఏడ్చింది కూడా గట్టిగా. ఫలేసి బయటికి వచ్చి గేటు దగ్గరున్నవాళ్ళతో "మనవరాలి గొంతు నాదే" అని చెప్పి లోపలికి వెళ్ళేసరికి చాప తడిసిపోయి ఉంది.

"రక్తం ఆగట్లేదక్కా," అంది ఎస్తేలి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "ఆపే సూది ఉంటుంది. మన దగ్గర లేదు. పెట్టె నిండా వచ్చాయి పోయిన నెల, ఇప్పుడు ఒక్కటీ లేదు."

"బండి పిలువు! పట్నం తీసుకుపోదాం!"

"బండి పొద్దున్నే వెళ్ళిపోయింది. బొగ్గు వేసుకుని."

పత్తి మోసే ఎడ్లబండి దొరికింది. బస్తాలు కింద పడేసి తమందానిని ఎక్కించారు. ఫలేసి కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, కట్టుకున్న చితెంజె గుడ్డ విప్పి కూతురి కాళ్ళ మధ్య కుక్కి రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఎడ్లు వాటి నడక అవి నడిచాయి. "అమ్మా, చలేస్తోంది," అంది తమందాని, నిప్పులు కురిసే ఆ ఎండలో. పట్నం దారిలోని వంతెన ఇంకా కనిపించకముందే ప్రాణం పోయింది.

అంత్యక్రియలకు మగొంబో మొక్కజొన్న పిండి బస్తాతో వచ్చాడు. మంచి మాటలు చెప్పాడు. నిలబడి ఏడ్చాడు కూడా. ఫలేసి అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఎవరు ఏడ్చినా అది నిజమైన ఏడుపో, కట్టిన వేషమో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. అతనిది నిజమైన ఏడుపే. అదే ఆమెకు మింగుడు పడలేదు.

బిడ్డకు ఎలుబి అని పేరు పెట్టారు. అల్లుడు చెప్పాపెట్టకుండా పోయాడు. మేకపాలూ, గంజీ పట్టి ఫలేసి ఆ బిడ్డను బతికించుకుంది. మళ్ళీ తనిఖీ కబురు వచ్చింది. మగొంబో గేటు దాటి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"నీ దుఃఖం నాకు తెలుసు ఫలేసక్కా. కాని నీ అంత బాగా ఇంకెవరూ చెయ్యరు. పైగా," అని ఆమె వీపున కట్టుకున్న ఎలుబి వైపు చూశాడు, "ఈసారి బిడ్డను అరువు తేనక్కర్లేదు."

ఫలేసి మూకుట్లో మందాసి తిప్పుతూ "సరే" అంది.

ఆసారి వచ్చినావిడ పేరు హెలెన్. సన్నగా, ఎండకు కందిపోయి, చెప్పింది వినే మనిషిలా కనిపించింది. మాట అటూ ఇటూ చెప్పడానికి పట్నం నుంచి విక్లిఫ్ అనే కుర్రాణ్ణి పెట్టారు. అతని బూట్లు తళతళలాడుతున్నాయి. మగొంబో, ఊరిపెద్ద చిసొంబె ఆమె వెనక నిలబడ్డారు.

"ఇక్కడ నిన్ను బాగా చూసుకున్నారా అని అడుగుతున్నారమ్మా," అన్నాడు విక్లిఫ్.

"ఈ బిడ్డను నేను కనలేదని చెప్పు," అంది ఫలేసి. "నా కూతురు కన్నది. కని, సూది లేక, బండి లేక, రక్తం కారి కారి చచ్చిపోయింది. ఈ మంచం స్కూలు పిల్లలది. ఆ మందులు రేపు ఉండవు. చెప్పు."

విక్లిఫ్ మగొంబో వైపు చూశాడు. తరవాత ఇంగ్లీషులో ఏదో అన్నాడు. హెలెన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల ఊపుతూ నవ్వింది.

ఫలేసికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కాని కూతురు చచ్చిందంటే ఏ ఆడదీ అలా నవ్వదని తెలుసు.

ఆమె మంచం దిగింది. ఎలుబిని హెలెన్ చేతుల్లో పెట్టింది. వార్డు మధ్యకు వెళ్ళి నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి కాన్పు వేషం కట్టింది. లేచి ఎస్తేలి అయింది. చేతులు చూసుకుంది, పరుగున వెళ్ళి అల్మారా తెరిచింది, లోపల గాలిని తడిమింది. తరవాత మగొంబో అయింది. పొట్ట ముందుకు పెట్టి, జేబు రుమాలుతో మెడ తుడుచుకుంటూ, మందుల పెట్టెలు బండికెక్కించి, బస్తాలు ఎక్కించి, బొగ్గు మసి చేతులు దులుపుకుంది. ఎద్దయింది. అడుగు తీసి అడుగు వేసింది. ఆఖర్న తమందాని అయింది. చలికి వణికింది. ఆ వణుకు పెదాల దగ్గర మొదలై కాళ్ళ దాకా పోయి అక్కడ ఆగిపోయింది. వార్డులో పడుకున్న దొంగరోగులంతా లేచి కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. ఫలేసి లేచి పరుపు ఎత్తి, ఇనప మంచం మీద తెల్ల రంగుతో రాసి ఉన్న స్కూలు పేరు హెలెన్‌కు చూపించింది.

హెలెన్ బిడ్డను గుండెలకు హత్తుకుని విక్లిఫ్‌ని ఒక్క మాట అడిగింది. విక్లిఫ్ బూట్ల వైపు చూసుకున్నాడు.

ఆ రోజు ఊరు ఊరంతా ఫలేసి ఇంటికి వచ్చింది. "దుమ్ము దులిపావే!" అంది ఫైనెసి. ఎవరో కోడిని తెచ్చి కోశారు. మొక్కజొన్న సంకటి, న్సిమా, వండి అందరూ ఒకే పళ్ళెంలో ముంచుకుని తిన్నారు. హెలెన్ పిలిపించిన పోలీసులు మగొంబోను జీపులో ఎక్కించుకుపోతుంటే పిల్లలు ఆ జీపు వెనక పరిగెత్తారు.

తరవాత విచారణవాళ్ళు వచ్చారు. ఒకరు వెళ్ళగానే ఇంకొకరు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ తమందాని ఎలా చచ్చిపోయిందో మొదటినుంచీ చెప్పమన్నారు. ఫలేసి చెప్పింది. "రక్తం సుమారు ఎంత పోయి ఉంటుంది?" అని అడిగాడు ఒకాయన. చెప్పింది. మీ కూతురు నిజంగానే చనిపోయిందనడానికి ఆధారం ఏమిటని ఇంకొకాయన అడిగాడు. ఫలేసి అతన్ని వెంటబెట్టుకుని గోరీల తోపుకు తీసుకెళ్ళి మట్టిదిబ్బ చూపించింది. "పక్కన నిలబడండమ్మా, ఇటు చూడండి," అని అతను ఫొటో తీసుకున్నాడు. వెలుతురు సరిపోలేదని మళ్ళీ తీసుకున్నాడు.

ఒకరోజు రేడియోలో వార్త వచ్చింది. ఆ చలిదేశపు పార్లమెంటులో వాళ్ళ మంత్రి లేచి, తమ ప్రజల సొమ్ములో చిల్లిగవ్వ కూడా ఇక దొంగల పాలు కానివ్వబోమని చెప్పాడట. సభ్యులంతా బల్లలు చరిచారట. నిజం బయటపెట్టిన ఒక పేద తల్లికి దండాలు పెట్టాడట. విచారణ తేలేదాకా మొత్తం నదీలోయకు సాయం ఆపేస్తున్నామన్నాడట. చిసొంబె ఒక్కదానికే కాదు, ఏ తప్పూ చెయ్యని ఆసుపత్రులకు కూడా.

వార్డుకు తాళం పడింది. టీకాల ఫ్రిజ్‌కు గ్యాసు బండ రావడం ఆగింది. ఎస్తేలి జీతం కూడా ఆ సొమ్ములోంచే వచ్చేదని అప్పుడు తెలిసింది. ఆమె పెట్టె సర్దుకుని మినీబస్సు కోసం గేటు దగ్గర నిలబడింది.

"నువ్వు చేసింది తప్పని నేననను ఫలేసక్కా," అంది. "కాని ఇన్నాళ్ళూ నా దగ్గర సగం మందులన్నా ఉండేవి."

వానలు పడ్డాయి. దోమలు లేచాయి. కొత్త దోమతెరలు రాలేదు, పాతవాటికి చిల్లులు. జ్వరాలు ఇల్లిల్లూ తిరిగాయి. ఆ ఏడు గోరీల తోపులో చిన్న దిబ్బలు లేచాయి. మొదటి ఏడాది ఫలేసి పక్కన పడుకోబెట్టుకున్న ఫైనెసి కొడుకు, ఇప్పుడు స్కూలుకు పోతున్నవాడు, మూడుపూటలు జ్వరంతో వణికి చచ్చిపోయాడు.

ఫలేసి పరామర్శకు వెళ్ళింది. గుమ్మంలోనే ఫైనెసి లేచి నిలబడింది.

"మగొంబో సగం తిన్నాడు," అంది. గొంతు పెంచలేదు. "నువ్వు మొత్తం తినేశావు."

"నా బిడ్డ పోయిందే ఫైనెసీ..."

"నీ బిడ్డ పోయింది. అందుకని మా బిడ్డల్ని కూడా పంపించావు. పో ఇక్కణ్ణించి."

అటుపైన ఊరిపెద్ద చిసొంబె కబురు పెట్టాడు. చావు ఇళ్ళకు నువ్వు రావద్దు, ఆడవాళ్ళు సహించడం లేదు అని. చావుకు పిలవని మనిషి ఆ ఊళ్ళో బతికున్న లెక్కలోకి రాదు. ఆమె మందాసి ఎవరూ కొనడం లేదు. సాయంత్రానికి అవి గట్టిపడితే నీళ్ళలో నానబెట్టి తనే తినేది, ఎలుబికి పెట్టేది. దారినపోయే బస్సుల్లోంచి తెలియనివాళ్ళు చేయి చాపితే ఆ పూటకు గడిచేది.

మగొంబో బెయిలు మీద తిరిగొచ్చాడు. కేసు వాయిదా మీద వాయిదా పడింది. ఉద్యోగం పోయింది కాబట్టి సొంత క్లినిక్కు పెట్టుకున్నాడు. తాళం పడ్డ ఆసుపత్రికి నాలుగు ఇళ్ళ అవతల, నీలంరంగు వేసిన కొట్టులో. మందులు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ అడగలేదు. కొన్ని పెట్టెల మీద ఆ చలిదేశపు జెండా అలాగే ఉంది. జనం మేకలమ్మి, సైకిళ్ళమ్మి అక్కడికే వెళ్ళారు. "ఎంతైనా చేతివాసి ఉన్నవాడు," అన్నారు.

ఎలుబికి జ్వరం వచ్చింది. ఫలేసి తడిగుడ్డలు వేసింది, ఆకుపసరు పట్టింది. బిడ్డ కళ్ళు పైకి తేలిపోయి, ఒళ్ళు కొయ్యబారి కొట్టుకోవడం మొదలుపెట్టాక, వీపున కట్టుకుని నీలం కొట్టుకు పరుగెత్తింది.

లోపల బెంచీల నిండా జనం. ఫైనెసి కూడా ఉంది, కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని. మగొంబో బల్ల వెనకనుంచి తలెత్తాడు.

"ఎవరూ? మా ఫలేసక్కే!"

"బాబూ, బిడ్డ..."

"చూశాను. సెరిబ్రల్ మలేరియా. సూది ఉంది నా దగ్గర." బల్ల మీద సీసా తీసి నిలబెట్టాడు. ఫలేసి కొంగు ముడి విప్పబోయింది. "డబ్బులొద్దు. నీ దగ్గర నేనెలా తీసుకుంటాను? ఒక్క కోరిక తీర్చు. ఆ రోజు నువ్వు వేసిన వేషం అందరూ చూశారు. నాకు మాత్రం చెమటలు పట్టి కళ్ళు మసకేశాయి. సరిగ్గా చూడలేదు. ఒక్కసారి చేసి చూపించు."

ఫలేసి చేతులు జోడించింది.

"డాక్టర్ గారూ, ముందు సూది వేయండి. తరవాత మీరేం చెయ్యమంటే అది చేస్తాను. మీ కాళ్ళు..."

"నీ మాట మీద నాకు నమ్మకం లేదులే. పోయినసారి కూడా సరే అనే అన్నావు."

ఎలుబి వీపు మీద మళ్ళీ కొట్టుకుంది. ఎవరో చేతులు చాచారు. ఫైనెసి. తన కూతుర్ని పక్కన దించి, ఫలేసి వీపు మీది ముడి విప్పి, బిడ్డను తను తీసుకుంది. ఫలేసి ముఖంలోకి మాత్రం చూడలేదు.

"చెయ్యి," అంది. "బిడ్డ ఆగదు."

ఫలేసి సిమెంటు నేల మీద పడుకుంది. మోకాళ్ళు ముడిచింది. లేచి ఎస్తేలి అయింది. అల్మారా తెరిచింది.

"నన్ను చెయ్యి, నన్ను," అన్నాడు మగొంబో, కుర్చీ ముందుకు జరుపుకుని.

ఆమె పొట్ట ముందుకు పెట్టింది. మెడ తుడుచుకుంది. బెంచీ చివర ఒక ముసలాయన కిచకిచ నవ్వి నోరు మూసుకున్నాడు. బస్తాలు ఎక్కించింది. ఎద్దయి అడుగులు వేసింది.

"ఎడ్లు అంత వేగంగా నడవవు. మెల్లగా."

మెల్లగా నడిచింది. తమందాని అయింది.

"అంత తొందరగా అవగొట్టేస్తే ఎలా? ఆ దొరసానికి ఇంతకన్నా బాగా చేశావు."

ఫలేసి మళ్ళీ పడుకుంది. పెదాల దగ్గర వణుకు మొదలుపెట్టింది. అది కాళ్ళ దాకా వెళ్ళేవరకూ మగొంబో చూశాడు. అప్పుడు లేచి చేతులు కడుక్కుని, ఫైనెసి ఒళ్ళోని బిడ్డ తొడ మీద దూది రాసి, సూది దించాడు. ఎంత నేర్పుగా దించాడంటే బిడ్డ ఏడవను కూడా లేదు. రెండు పూటలూ తనే దగ్గరుండి చూశాడు, నుదురు తడిపాడు, చక్కెర నీళ్ళు పట్టాడు. ఎలుబి బతికింది. తీసుకుపోతుంటే చాక్లెట్ కూడా ఇచ్చాడు.

ఆ తరవాత ఊళ్ళో ఫలేసి మీద కోపం కాస్త తగ్గింది. బాకీ తీరిపోయింది అన్నట్టుగా. మందాసి మళ్ళీ అమ్ముడుపోయాయి. చావులకు మళ్ళీ పిలిచారు. వేషాలు మాత్రం ఎవరూ అడగలేదు, ఆమె వెయ్యలేదు.

మరుసటి ఏడు ఎండల్లో ఒక తెల్ల జీపు ఆమె పంచ ముందు ఆగింది. దిగినవాడు కుర్రాడు, మర్యాదస్తుడు, ఆమె భాష కాస్త నేర్చుకుని వచ్చాడు. హెలెన్ గారికి పెద్ద పదవి వచ్చిందనీ, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారనీ అన్నాడు. తమ దేశంలో అచ్చు వేసిన నున్నటి పుస్తకం ఇచ్చాడు. అట్ట మీద ఫలేసి, కూతురి గోరీ పక్కన నిలబడి ఉంది. వెలుతురు బాగా పడిన ఫొటోనే వేశారు.

"వార్డు ఎప్పుడు తెరుస్తారు బాబూ?"

"అది చూసేది వేరే శాఖ అమ్మా. నేను వచ్చింది మీకోసం. నిజం చెప్పినవాళ్ళకు ఏ కష్టమూ రాకూడదని మా ప్రభుత్వానికి గట్టి నియమం ఉంది. మీరు మాతో మాట్లాడినందుకు మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా? బాధపెట్టారా?"

ఫలేసి రోడ్డు వైపు చూసింది. నీలం కొట్టు గుమ్మంలో మగొంబో పళ్ళు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. జీపును చూసి చెయ్యెత్తి పలకరించాడు. రేకుల నీడలో ఎలుబి పిండి ముద్దతో ఆడుకుంటోంది. వానలు రావడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. ఊరికంతటికీ సూది దొరికేది ఆ ఒక్క కొట్టులోనే.

"లేదు బాబూ," అంది. "అందరూ బాగా చూసుకుంటున్నారు."

కుర్రాడు రాసుకున్నాడు. ఆనందంగా ఆమెతో చెయ్యి కలిపి, రెండు మందాసి కొనుక్కుని, చాలా బాగున్నాయని చెప్పి జీపెక్కాడు. ఫలేసి ఆ పుస్తకం నున్నటి కాగితాలు నాలుగు చించి పొట్లాలకు పక్కన పెట్టుకుంది. నూనె మరీ కాగిపోయి పొగ వస్తుంటే మంట తగ్గించింది.